ఇద్దరికి సరిపడా పేలపిండి

సుంకులమ్మ తెల్లారేసరికే మఠానికి వచ్చింది. ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆమె రాగలిగిన చోటు అదొక్కటే. ఊరి పొలాలు ఆగిపోయి నల్లమల మొదలయ్యే చోట ఆ మఠం ఉంది. గురువు ఈరమ్మవ్వ. ఇరవై ఏళ్లుగా సుంకులమ్మ ఆమె శిష్యురాలు. అవ్వ ఉపదేశాలు చెప్పదు. వచ్చినవాళ్లకు ఏదో ఒక పని చెబుతుంది.

సుంకులమ్మ అరుగు మీద కూర్చుని తన ఇబ్బంది చెప్పుకుంది.

ముప్పై ఏళ్ల కింద మిరపకాయలు కోస్తూ ఆమె, స్నేహితురాలు కాశింబీ ఒక మాట అనుకున్నారు. అడవిలో పడి నడుచుకుంటూ పోవాలి. ఐదో రోజుకు కొండ అంచున నిలబడి, కింద పారే కృష్ణను చూడాలి. మొక్కు లేదు, జాతర లేదు, ఊరికే నడవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. మొక్కు ఉందంటే ఆడవాళ్లను ఎంత దూరమైనా పంపిస్తారు. ఊరికే నడుస్తామంటే గడప దాటనివ్వరు.

మొదటి ఏడు అత్తకు జ్వరం. తర్వాత తన కాన్పులు. ఆ తర్వాత శనగ చేను, కొడుకు పెళ్లి, కోడలి కాన్పులు. చలికాలం రాగానే కాశింబీ జొన్నలు వేయించి, విసిరి, బెల్లం కలిపి ఇద్దరికి సరిపడా పేలపిండి సిద్ధం చేసేది. సుంకులమ్మ వచ్చే ఏడు పోదామనేది.

"నీ వంతు కూడా తిని తిని నా నడుము ఇట్లయింది మే," అని కాశింబీ నవ్వేది.

నిన్న మాత్రం ఆమె నవ్వలేదు. కళ్లలో నీటికాసులు ముదిరాయట. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది కూడా ఏడాదిలో పోతుందని డాక్టరు చెప్పాడట.

"కనబడేటప్పుడే చూడాల మే. రేపు పొద్దున మఠం దారినే పోతా. వస్తే రా. రాకుంటే మాత్రం కారణం చెప్పొద్దు," అంది.

సుంకులమ్మ మొగుడిని అడిగింది. శనగలు పీకడం అయిపోనీ అన్నాడు. కొడుకును అడిగితే నాన్నను అడగమన్నాడు. కోడలు గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది.

"నువ్వు చెప్పవ్వా. పోనా, వద్దా?"

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది. వద్దనిపించుకోవడానికి వచ్చిన ముఖం అది. గురువే వద్దందంటే ఇక కాశింబీ కూడా నోరెత్తదు.

అవ్వ లోపలికి పోయి కొర్రల మూట, చేట తెచ్చి ముందు పెట్టింది.

"రాళ్లు ఏరు. అయినాక చెప్తా."

సుంకులమ్మకు ప్రాణం కుదుటపడింది. వెనక వసారాలో కూర్చుని ఏరింది. ఎండ వసారాలోకి రాకముందే పని అయిపోయింది. లేవలేదు. ఏరిన కొర్రలనే మళ్లీ చేటలో పోసుకుంది. ఒక్క రాయీ దొరకలేదు. మూడోసారి పోసుకుంది.

ముందు వైపు కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది. ఎవరో బావిలో చేద వేసిన చప్పుడైంది. సుంకులమ్మ తల ఎత్తింది. కాసేపు అట్లాగే ఉండి, మళ్లీ చేట మీదికి వంగింది.

మధ్యాహ్నం దాటాక కొర్రలు తీసుకుని ముందుకు వచ్చింది. అరుగు మీద అవ్వ ఒక్కతే ఉంది. పక్కన చిన్న సంచి. ఎప్పుడో తాను కాశింబీకి ఇచ్చిన పాత చీర చెంగుతో కుట్టిన సంచి అది.

"కాశింబీ వచ్చిందా?"

"వచ్చింది. నీళ్లు తాగింది. చాలాసేపు కూర్చుంది."

"నన్ను పిలవలేదేం అవ్వా?"

"పిలుస్తానన్నా. వద్దంది."

"ఏమంది?"

"పనిలో ఉంది కదా, ఉండనీ అంది. ముప్పై ఏళ్లుగా పనిలోనే ఉంది, కదిలించొద్దంది."

సుంకులమ్మ సంచి విప్పింది. పేలపిండి. బెల్లం వాసన.

"నీ వంతంట. ఈసారి నువ్వే తినాలంట," అంది అవ్వ.

వాకిట్లోంచి అడవిలోకి పోయే ఎర్రమట్టి దారి కనబడుతోంది. దాని మీద ఒక జత కాళ్ల గుర్తులు. వాటికి ఎడంపక్కన, కుడిపక్కన, ఒక్కో చోట దారి పక్క గడ్డిలో కూడా కర్ర పొడిచిన గుంతలు. నేల ఎక్కడుందో తడుముకుంటూ పోయిన గుంతలు.

"ఒక్కతే పోయిందా?"

"ఇద్దరు పోదామనే వచ్చింది."

సుంకులమ్మ అరుగు అంచున కూలబడింది. సంచి ఒళ్లో పెట్టుకుని ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. అవ్వ దారి వైపు చూసింది.

"చూపు తక్కువ. మెల్లగా నడుస్తుంది," అంది.

సుంకులమ్మ లేచింది. సంచి చంకలో పెట్టుకుంది. చెంగు నడుముకు దోపుకుంది. వాకిలి దాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇప్పుడు పోనా అవ్వా?"

అవ్వ ఒక్క రాయి కూడా లేని కొర్రలను చేటలోకి ఒంపుకుని, వంగి, ఏరడం మొదలుపెట్టింది.