సుంకమ్మ ఎన్ను నొప్పి

కర్నూలులో కీళ్ళ జబ్బుల పెద్ద డాక్టరు కమాలుద్దీన్ గారి దగ్గర శశిధర్ అనే కుర్ర డాక్టరు పని నేర్చుకునేవాడు. తెలివైనవాడే. కాకపోతే స్కానింగు ఫిల్ము చేతికొస్తే ఇక మనిషితో పనిలేదనుకునే రకం. మనుషులు అబద్ధాలాడతారు గానీ ఫిల్ములు ఆడవని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఒకరోజు సుంకమ్మ అనే బస్సు కండక్టరు వచ్చింది. ఆమెకు మోచేతుల మీద, తలలో సోరియాసిస్ పొలుసులున్నాయి. వేళ్ళ కీళ్ళు వాచాయి. తెల్లారి లేచేసరికి ఎన్నంతా కొయ్యబారిపోతోందని, పనిలో పడితే కాస్త సడలుతోందని చెప్పుకుంది.

సోరియాసిస్ ఉన్న కొందరికి కీళ్ళవాపు వస్తుంది. అది వెన్నుకూ పాకుతుంది. ఆ సంగతి శశిధర్‌కు బాగా తెలుసు. అందుకే ఆలస్యం చేయకుండా నడుము కింది కీళ్ళకు ఎమ్మారై తీయించాడు. అక్కడ వాపు లేదు. వెన్నులో ఏ జబ్బూ లేదని రిపోర్టు రాసి ఆమె చేతిలో పెట్టాడు.

సుంకమ్మ మొహం వాడిపోయింది. కూర్చుని చేసే పని ఇవ్వమంటే డిపోలో నాటకమంటున్నారు. ఇంట్లో ఒళ్ళు వంగని బద్ధకమంటున్నారు. ఇప్పుడీ కాగితం చూపిస్తే ఇక ఆమె మాట నమ్మేదెవరు?

"నేను నాటకమాడ్తాండానా సార్?" అని అడిగింది.

శశిధర్ ఫిల్ము వైపు చూపించాడు.

అప్పుడే లోపలికొచ్చిన కమాలుద్దీన్ గారు ఆ మాట విన్నారు. ఫిల్ము చూడలేదు. ఆమె ఒంటిమీది ఖాకీ కోటు చూసి, ఏ బస్సులో పని చేస్తావమ్మా అని అడిగారు. ఆత్మకూరు బస్సులో అంది సుంకమ్మ, కళ్ళు దించుకునే. దారి ఎలా ఉంది, రద్దీ ఎలా ఉంది అని మాటల్లో పెట్టి, ఆయన మెల్లగా ఆమె వెనక్కి నడిచారు.

"అమ్మా, నందికొట్కూరు ఒకటి" అన్నారు, టికెట్టు అడిగినట్టు.

ఏళ్ళ అలవాటు. సుంకమ్మ వెంటనే తిరిగింది. మెడ మాత్రం తిరగలేదు. భుజాలు, నడుము, కాళ్ళు అన్నీ కలిసి, ఎడ్లబండి మళ్ళినట్టు మనిషి మొత్తం తిరిగింది. ఆయన రెండో పక్కకు వెళ్ళి మళ్ళీ అలాగే పిలిచారు. మళ్ళీ అలాగే తిరిగింది.

శశిధర్‌కు చెవులు వేడెక్కాయి. మెడ కూడా వెన్నులో భాగమేనని అతను చదువుకోకపోలేదు. ఆమె చేతిలోని కాగితం తనే తీసుకుని, మెడకు ఎమ్మారై రాశాడు.

ఆ ఫిల్ములో మెడపూసల మూలల్లో వాపు తెల్లగా కనిపించింది. ఈ జబ్బు ముదిరితే అతుక్కుపోయే ఎముకలు ఇంకా అతుక్కోలేదు. మామూలు ఎక్స్‌రేకైతే ఇప్పుడప్పుడే దొరికేది కాదు.

"జబ్బు ఉందమ్మా" అన్నారు కమాలుద్దీన్ గారు. "తొందరగానే దొరికింది. మంచి మందులున్నాయి. మెడ సడలుతుందన్న నమ్మకం నాకుంది."

సుంకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఉందన్నారు, అదే పదివేలు సార్" అంది. జబ్బుందని చెబితే ఇంత సంతోషపడ్డ మనిషిని శశిధర్ చూడటం అదే మొదటిసారి.

ఆమె వెళ్ళాక శశిధర్ గొంతు సవరించుకున్నాడు. మొదటి ఫిల్ము మోసం చేసింది సార్ అన్నాడు.

కమాలుద్దీన్ గారు చేతులు కడుక్కుంటూ నవ్వారు. "దాన్నెందుకు ఆడిపోసుకుంటావు నాయనా? పక్కింటి తలుపు తట్టి, ఊళ్ళో ఎవరూ లేరని రాసింది నువ్వు."

ఆ మధ్యాహ్నం శశిధర్ భోజనానికి లేవలేదు. తను ఏమీ లేదని చెప్పి పంపేసిన వాళ్ళకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, నొప్పి ఎక్కడో ఇంకోసారి చెప్పమని అడుగుతూ కూర్చున్నాడు.