కొండవాలులో కూర్మారావు గొంతు

జగన్నాయకులు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరేవారు. ఏళ్ళ తరబడి రేడియోలో రైతులతో మాట్లాడిన మనిషి ఆయన. ఉద్యోగం విరమించాక, పలాసలో తన ఇంటి ముందుగదిలో మాలాంటివాళ్ళకి నలుగురి ముందు మాట ఎలా చెప్పాలో నేర్పేవారు. మాకు ఆయన గురువుగారు. మాలో బాగా పేరున్నవాడు కూర్మారావు. తోటపనికి వాడే గడ్డి కోసే మిషన్లు, రంపాలు, మందు కొట్టే పంపులు నడిపి చూసి, వాటి బాగోగులు చెబుతూ యూట్యూబులో వీడియోలు పెట్టేవాడు. తెలిసింది దాచుకోకుండా చెప్పే రకం. గొంతులో ఏదో ఆత్మీయత ఉండేది. వింటున్నవాళ్ళకి తమ ఇంటి మనిషే మాట్లాడుతున్నట్టుండేది.

ఒకరోజు ఉదయం అతను అడిగాడు. "గురువుగారూ, ఒక కంపెనీవాళ్ళు నాకు గడ్డి మిషను ఊరికే ఇచ్చారు. నడిపాను. ఎలా ఉందో అలాగే చెప్పాను, అందులో ఒక్క అబద్ధం లేదు. మిషను ఎవరిచ్చారో కూడా చెప్పాలని కొందరు వీడియో కింద రాస్తున్నారు. నేను చెప్పింది నిజమే అయినప్పుడు, మిషను ఎక్కణ్ణించి వస్తే ఏమిటి?" వాదనకి అడగలేదు. ఆ సందేహం అతన్ని నిజంగానే తొలుస్తోంది.

గురువుగారు లేచి చెప్పులు వేసుకున్నారు. "మందస వైపు వెళ్ళొద్దాం, పద" అన్నారు. అతని మాట విని అటువైపు తోటలవాళ్ళు ఆ మిషన్లు కొన్నారని ఆయన చెవిన పడింది. అంతకుమించి ఆయనకీ తెలియదు. నేను కారు నడిపాను.

మందస దాటాక కొండవాలు జీడితోటలు మొదలవుతాయి. జీడిపిక్కలు రాలే కాలానికి ముందే చెట్ల కింద తుప్పలన్నీ కొట్టి నేల శుభ్రం చేసుకోవాలి, లేకపోతే రాలిన పిక్క కంటికి కనబడదు. కూలీలు దొరకని ఊళ్ళు కావడంతో ఆ పనికి ఇప్పుడు మిషన్లే దిక్కు. కారు దిగి కాలిబాట పట్టి కొంత పైకెక్కాం. చెట్ల మధ్య మనిషి జాడ లేదు. అంతలో తోటలోంచి ఒక గొంతు వినబడింది. "బెల్టు భుజానికి బిగించండి. బ్లేడు నేలకి తగలనివ్వకండి. తొందర పడకండి."

కూర్మారావు ఆగిపోయాడు. అది అతని గొంతే. అతను నోరు తెరవలేదు, కానీ అతని మాట అతనికంటే ముందే ఆ కొండమీదికి చేరి, అక్కడ పని చేయిస్తోంది.

నాలుగడుగులు వేశాక కనబడింది. జీడికొమ్మకి గుడ్డపీలికతో ఒక ఫోను కట్టి ఉంది. దాని ముందు ఒక ఆడమనిషి మిషను భుజాన వేసుకుని నిలబడి, చదువుకునే పిల్లంత శ్రద్ధగా వింటోంది. విన్నంత విని, ఫోను ఆపి, చెప్పినట్టు బెల్టు బిగించుకుంది. ఆమె పేరు దమయంతి. వెనక ఆమె తోడికోడలు హైమ, కోసిన తుప్పల్ని పోగు చేస్తోంది. చీర పైకి దోపుకుంది, మోకాళ్ళదాకా కాళ్ళకి ఏ అడ్డూ లేదు.

"బాగున్నారా అమ్మా?" అన్నాడు కూర్మారావు, ఏమనాలో తోచక.

దమయంతి గిర్రున తిరిగింది. అతని ముఖం చూడలేదు, ముందు ఫోను వైపు చూసింది. "హైమా! ఈ గొంతే, ఇదే!" అంది. ఇద్దరి కళ్ళూ వెలిగిపోయాయి. "మీ మాట వినే కొన్నాం బాబూ. మేమే కాదు, ఈ వాలంతా అంతే. మీరు వాడుకుంటున్నారంటే మరి భయమేటి?"

గురువుగారు చెయ్యెత్తి, "విను" అన్నారు.

విన్నాం. పైన ఒకటి, లోయలో ఒకటి, చెట్ల చాటున ఇంకెక్కడో మరొకటి. కొండవాలు పొడుగునా ఇంజన్ల మోత. కళ్ళకి ఎవరూ కనబడరు, కొండ మాత్రం తేనెపట్టులా హోరెత్తుతోంది. ఇతను ఎప్పుడో ఒక పూట పలికిన నాలుగు ముక్కలకి అన్ని ఇళ్ళు కదిలి వచ్చాయి. కూర్మారావు ముఖంలో గర్వం కోసం చూశాను. అక్కడ గుడిలో అడుగుపెట్టినవాడి బెదురు ఉంది.

దమయంతి తాడు లాగి మిషను స్టార్టు చేసింది. తుప్పల్లో బ్లేడు తిరగ్గానే టప్పుమని ఏదో పేలినట్టయింది. ఒక రాయి హైమ మోకాలి పక్కనించి దూసుకుపోయి జీడిమానుకి కొట్టుకుంది. అక్కడ బెరడు లేచిపోయింది. మేం కేకవేశాం. హైమ మాత్రం అంగుళం కదల్లేదు. నవ్వి అంది కదా, "రాయి ఎగరదని తమరే చెప్పేరు బాబూ. ఇది మరెక్కణ్ణించో వచ్చుంటది."

కళ్ళముందు ఎగిరిన రాయికంటే ఆమెకి అతని మాటే ఎక్కువ నిజం. కూర్మారావు వెళ్ళి మిషను ఆపించాడు. "అమ్మా, నేనిది కొనుక్కోలేదు. కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారు. నడిపిన చోటూ వాళ్ళు చూపించిందే. ఉత్త ఇసకనేల. అక్కడ రాయే లేదు, ఎగరడానికి. ఎగరలేదని చెప్పాను. అంతవరకే చెప్పాను."

దమయంతి బెల్టు విప్పి మిషను నేలమీద పెట్టింది. మానుమీద గాయం చూసింది, తోడికోడలి కాళ్ళు చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాం.

"ఆ ముక్క ముందే చెప్తే మేం కొనకపోదుమా బాబూ? కొందుమే. హైమని నా వెనకాల నిలబెట్టకపోదును, అంతే" అంది.

కూర్మారావు మోత వినబడిన దిక్కుకి ఎక్కడం మొదలుపెట్టాడు. మేం కింద రాతిమీద కూర్చున్నాం. ఆ పగలంతా అతను తోట వెంట తోట తిరిగాడు. ముందు పైన ఒక ఇంజను ఆగింది. తర్వాత లోయలోది. ఒక్కొక్కటే ఆగుతూ ఆగుతూ చివరికి కొండంతా నిశ్శబ్దమైపోయింది. ఇంత కొండ ఒక మనిషి చెప్పిన నిజానికి ఊపిరి బిగబట్టి నిలబడిందనిపించింది. గురువుగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కచేరీ వింటున్నట్టు ఆ నిశ్శబ్దాన్ని విన్నారు.

సాయంత్రం కూర్మారావు దిగివచ్చాడు. ముళ్ళు గీరుకుని చేతులనిండా చారలు. దమయంతి తోటలోనే, ఆ మానుమీది గాయం పక్కన నిలబడి, నాచేత కొత్త వీడియో తీయించాడు. మొదటి మాటే, "ఈ మిషను నేను కొన్నది కాదు, కంపెనీ ఇచ్చింది. నేను నడిపింది వాళ్ళు చూపించిన ఇసకలో. ఇదిగో, రాళ్ళనేలలో ఏమైందో చూడండి" అన్నాడు. పాతదాన్ని అక్కడే తీసేశాడు. తర్వాత ఆ కంపెనీ అతనికి మిషన్లు పంపడం మానేసింది. అది వేరే సంగతి.

మేం కారు దగ్గరికి వస్తుంటే వెనక వాలులో ఇంజన్లు మళ్ళీ ఒక్కటొక్కటిగా మొదలయ్యాయి. కూర్మారావు ఆగి, దిగులుగా అడిగాడు. "ఇక నా మాట ఎవరైనా నమ్ముతారా గురువుగారూ?"

గురువుగారు వెనక్కి తిరిగి చూశారు. దమయంతి మిషను నడుపుతోంది. హైమ చాలా ఎడంగా, ఒక పెద్ద మాను చాటున, తుప్పలు కొట్టడం అయ్యేదాకా వేచి ఉంది.

"నమ్మకం మాట తర్వాత" అన్నారాయన. "ఆవిడ ఎక్కడ నిలబడిందో చూడు."