మింగిన వెంటనే

ప్రసన్నపాల్ ప్రయోగం మళ్లీ దెబ్బతింది.

అతను మెడికల్ కాలేజీ ల్యాబులో క్షయ మీద పరిశోధన చేస్తున్నాడు. ఒంట్లో చొరబడిన క్రిమిని మాక్రోఫేజ్ అనే కణం మింగుతుంది. మింగి, అరగదీసి, ఒక తునకను పైకి తెచ్చి టి-కణానికి చూపిస్తుంది. శత్రువెవరో టి-కణానికి అప్పుడే తెలుస్తుంది. ఒకటి రెండై, రెండు నాలుగై పోరుకు దిగుతుంది. అది గాజుపళ్లెంలో కళ్లారా చూడాలని పాల్ పట్టుదల.

మాక్రోఫేజ్‌లు క్రిముల్ని ఆబగా మింగేవి. మింగగానే, ఇక ఏ మార్పూ రాకూడదని, మందు వేసి వాటిని బిగించేసేవాడు. తర్వాత టి-కణాలు కలిపేవాడు. అవి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేవి.

"టి-కణాలే మంచివి కావు మేడం," అన్నాడు తన గురువు శేషారత్నం గారితో. "వాటిది ఒక్క గొట్టమే మిగిలింది. అదీ పోతే నా పని ఆగిపోయినట్టే."

ఆవిడ బల్ల మీదున్న కొత్త వ్యాసం ఒకటి అతని చేతికిచ్చారు. "చదువు."

పాల్ చకచకా చదివేశాడు. చివరి పేజీ తిప్పీ తిప్పకముందే ఆవిడ లేచారు.

"పద. పక్క గదిలో మొదటి సంవత్సరం పిల్లలున్నారు. ఇది వాళ్లకి చెప్పు."

"ఇప్పుడేనా మేడం?"

"చదివావుగా."

పాల్ చెప్పాడు. వ్యాసంలోని వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే నోట్లోంచి రాలాయి. పిల్లలు కదల్లేదు. ఏమైనా అడగమంటే ఒక్కరూ నోరు విప్పలేదు.

బయటికొచ్చాక అతని మొహం ఎర్రబడింది. "కాస్త టైమివ్వాల్సింది మేడం. నాకే ఇంకా ఒంటబట్టలేదు."

"నీ కణాలకిచ్చావా?" అని ఆవిడ తన గదిలోకి వెళ్లిపోయారు.

పాల్ వరండాలోనే కూర్చుని ఆ వ్యాసాన్ని మళ్లీ మొదటి నుంచి, ఈసారి నెమ్మదిగా చదివాడు.

మర్నాడు ఎవరూ పిలవకుండానే ఆ పిల్లల దగ్గరికి వెళ్లాడు. కాగితం తీసుకెళ్లలేదు. బోర్డు మీద బొమ్మ గీసి, తన మాటల్లో మొదలుపెట్టాడు. సగంలో ఉండగానే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి ప్రశ్న వేసింది. దాని వెనకే ఇంకొకరు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

అక్కణ్ణించి నేరుగా ల్యాబుకొచ్చి మిగిలిన గొట్టం బయటికి తీశాడు.

మాక్రోఫేజ్‌లు క్రిముల్ని మింగాయి. అలవాటుగా మందు సీసా మీదికి పోయిన చేతిని వెనక్కి లాక్కున్నాడు. కాఫీకి రమ్మని స్నేహితులు పిలిచినా కదల్లేదు. తునకలు పైకి తేలేంత వ్యవధి ఇచ్చి, అప్పుడు మందు వేశాడు. ఆ తర్వాతే టి-కణాలు కలిపాడు.

కొన్నాళ్లకి పరుగున వెళ్లి శేషారత్నం గారిని ల్యాబుకి పిలుచుకొచ్చాడు. మైక్రోస్కోపు వైపు వేలు చూపించాడు.

ఆవిడ కన్ను ఆనించారు. మాక్రోఫేజ్‌ల చుట్టూ టి-కణాలు గుత్తులు గుత్తులుగా చేరి, ఉబ్బి, ఒకటి రెండుగా చీలుతున్నాయి.

"వెంటనే రాసి పంపేద్దామా మేడం?"

ఆవిడ లేచి స్టూలు అతని వైపు జరిపారు.

"కూర్చుని చూడు. తొందరేం లేదు."