రాజుగారికి వీపు చూపని యాంటెన్నా

దొండవరం రాజు పెదభూపాలుడుగారికి ఒకరోజు పొద్దున్నే కుస్తీ చూడాలనిపించింది. పక్క రాజ్యంలో మర్నాడు సాయంత్రం పోటీ. తమ వస్తాదు భీమన్న దిగుతున్నాడు. అంత దూరం పల్లకీలో వెళ్తే నడుం పట్టేస్తుంది. అందుకని టీవీలో చూస్తానన్నారు.

పల్లకీలున్న ఊళ్లో టీవీ ఏమిటని అడక్కండి. ఉంది. గాల్లోంచి బొమ్మలు పట్టే టీవీ. తూర్పున కొండ మీదున్న టవరు బొమ్మల్ని గాల్లోకి వదుల్తుంది, మేడ మీద యాంటెన్నా వాటిని పట్టి కిందికి పంపిస్తుంది.

చిక్కల్లా ఆ బొమ్మతోనే. పాత టీవీల్లో చుక్కలు పడ్డా మనిషి కనపడేవాడు. ఈ కొత్త రకం అలా కాదు. అందితే అద్దంలా ఉంటుంది, అందకపోతే గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. దొండవరం కోటలో ఎప్పుడూ గళ్లే.

"నవరత్నాలు పొదిగినట్టుంది ప్రభూ," అన్నారు సభలోవాళ్లు.

"నాకైతే గళ్లచీర ఆరేసినట్టుంది," అన్నారు రాణిగారు.

ఆ గళ్లకి జవాబు చెప్పాల్సినవాడు యంత్రాధికారి రత్నాకరం. ఏం మాట్లాడాలన్నా ముందు కండువా సర్దుకుని, అందరూ తనవైపు చూసేదాకా ఆగుతాడు. యాంటెన్నాల్ని ఎంచిందీ ఆయనే. పాతదాని బదులు మొదట చేపముల్లులా సన్నగా ఉన్నది తెచ్చారు. చేత్తో ఎత్తి చూసి, "తేలిక. రాజసం లేదు," అని కొట్టుగదిలో పడేయించాడు. తర్వాత గుండ్రటిది తెచ్చారు. "చేటలా ఉంది, జనం నవ్వుతారు," అన్నాడు. ఆఖరికి పట్టెమంచమంత యాంటెన్నా చేయించి, బంగారు పూత పూయించి, పైన నెమలి బొమ్మ పెట్టించి, బాజాలతో మేడెక్కించాడు.

గళ్లు అలాగే ఉన్నాయి.

"లోపం యాంటెన్నాది కాదు ప్రభూ," అన్నాడు రత్నాకరం కండువా సర్దుకుని. "ముక్తేశం మోసుకు తిరిగే ఇత్తడి తాంబూలప్పెట్టెది. వచ్చే బొమ్మలన్నీ దానికి కొట్టుకుని చెదిరిపోతున్నాయి."

ముక్తేశం రాజుగారికి తాంబూలం అందించే కొలువులో ఉన్నాడు. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. ఆ బంగారు నెమలి గుడ్లెప్పుడు పెడుతుందండీ అని నలుగురిలో అడిగాడు. రత్నాకరం అది మర్చిపోలేదు.

రాజుగారు విసుక్కున్నారు. "ముక్తేశం, రేపు కుస్తీ వేళకి బొమ్మ కుదరాలి. కుదరకపోతే ఆ పెట్టెతో సహా కోట దాటిపో."

"కుదిరితేనో ప్రభూ?"

"కుదిరాక అడుగు."

ముక్తేశం మేడెక్కి చూశాడు. చూడగానే సంగతి తెలిసిపోయింది.

దొండవరం కోటలో ఒక ఆచారం ఉంది. ఏదీ సింహాసనానికి వీపు చూపించకూడదు. గుర్రాల్ని సభవైపు తలపెట్టించి కట్టేస్తారు. వంటవాడు కళ్లలోకి పొగొచ్చినా సభవైపు తిరిగే గరిటె తిప్పుతాడు. సభ పడమట ఉంది. కాబట్టి మేడ మీద ఏ యాంటెన్నా పెట్టినా దాని మొహం పడమటికే బిగించారు. బొమ్మలు పంపే కొండేమో దాని వెనకాల ఉంది.

తిప్పితే చాలు. కానీ ఎవరు తిప్పమంటారు? రాజుకి వీపు చూపించమన్నవాడికి దేశబహిష్కారం. తిప్పకపోతే కోట దాటాలి, తిప్పమంటే దేశమే దాటాలి.

మర్నాడు మధ్యాహ్నం ముక్తేశం నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ప్రభూ, యాంటెన్నా మొహం..."

రత్నాకరం అందుకున్నాడు. "అటు తిప్పమంటావా? మహారాజుగారికి వీపు చూపించమంటావా? చెప్పవయ్యా, సభంతా వింటోంది."

"ఎంత మాటన్నారండీ. దానికి ప్రభువుల దర్శనం సరిగ్గా అందట్లేదంటున్నాను. పొద్దు వాలితే పడమటెండ దాని కళ్లలో పడుతోంది. ప్రభువులు ఈ పూటకి తూర్పు తోటలో మంటపంలో కూర్చుంటే, పాపం కళ్లారా చూసుకుంటుంది."

యాంటెన్నా తన కోసం అంత బెంగపెట్టుకుందని రాజుగారికి తెలియదు. వెంటనే లేచారు. సింహాసనం, టీవీ తోటలోకి కదిలాయి.

ఇక కోటంతా ఒకటే హడావుడి. గుర్రాల్ని విప్పి ఇటు తిప్పి కట్టారు. వంటవాడు పొయ్యికి అవతలిపక్కకి పోయి నిలబడ్డాడు.

ముక్తేశం తీరిగ్గా ఆకుకి సున్నం రాస్తూ అన్నాడు, "రత్నాకరంగారూ, కోపం తెచ్చుకోకండి. ప్రభువులు తూర్పున ఉన్నారు, మీ యాంటెన్నా ఇంకా పడమటికే చూస్తోంది."

రత్నాకరం కండువా జారినా చూసుకోలేదు. పరుగున మేడెక్కి బంగారు యాంటెన్నాని పట్టుకు గుంజాడు. అది కదల్లేదు. రాజసం కోసం అంత బరువు పెట్టించి సున్నంతో పాతించింది ఆయనే మరి.

"అదేమిటయ్యా, అంత బిర్రబిగుసుకుని ఉంది?" అన్నారు రాణిగారు.

"తేలిగ్గా ఉందని కొట్టుగదిలో పడేసినది తెప్పించండమ్మా," అన్నాడు ముక్తేశం. "ప్రభువులు ఎటుంటే అటు వినయంగా తిరుగుతుంది."

చేపముల్లు యాంటెన్నా మేడెక్కింది. రత్నాకరమే చెమటలు కక్కుతూ దాని మొహం మంటపంవైపు పెట్టి కట్టాడు. తీగ తగిలించాడు.

టీవీలో భీమన్న తొడ కొట్టాడు. మీసం కనపడింది. భుజానికంటిన మట్టి కూడా కనపడింది. రాజుగారు నోట్లో తాంబూలం నమలడం మర్చిపోయారు.

కుస్తీ అయ్యింది, భీమన్న గెలిచాడు. అప్పుడు రాజుగారికి ఏదో తోచింది. మేడమీదికి చూశారు, వెనక్కి తిరిగి చూశారు. మొహం గంభీరమైపోయింది.

"ముక్తేశం, నిజం చెప్పు. అది చూస్తున్నది నన్నా, నా వెనకాల కొండనా?"

మేడ మీద రత్నాకరం ఆశగా కండువా సర్దుకున్నాడు.

ముక్తేశం చేతులు కట్టుకున్నాడు.

"మిమ్మల్నే ప్రభూ. మీ వెనకాల నిలబడే భాగ్యం ఆ కొండకి దక్కింది, అంతే."

రాణిగారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారు ఆపుకుందామని చూశారు గానీ ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆపైన తోటంతా నవ్వే.

"రత్నాకరం," అని పైకి కేకేశారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ, "ఆ పట్టెమంచం యాంటెన్నా మీద బంగారమంతా నీ చేత్తోనే గీకి తీసుకురా. ఇతనికి కడియం చేయించాలి."