కాపలా ఈగలకు పొగ

పేగులో పుండ్లు మొదలైన రెండో ఏడాదికి నా బరువు నలభై రెండు కిలోలకు దిగింది.

అప్పటికి పన్నెండేళ్లుగా నేను సూఫీ గురువు హజ్రత్ కరీముల్లా షా శిష్యుణ్ణి. కొండ కింద పెంకుటింట్లో ఆయన దగ్గరే ఉంటాను. ఆయన చెప్పినవాటిలో నాకు గుర్తున్నవి తక్కువ. మరుగుదొడ్డికి ఎన్ని అడుగులో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలను. ముప్ఫై ఒకటి.

నేను బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. మిగతా చదువంతా పకోడీ పొట్లాల కాగితాల మీద సాగింది. అందుకే నా జ్ఞానం చాలాచోట్ల నూనె మరక దగ్గర ఆగిపోతుంది.

కర్నూలు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "పేగులో కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. చాలావరకు మేలు చేసేవే. మీ రక్షక కణాలు వాటిని చూసి దొంగలనుకుంటున్నాయి. ఒక కణం కేక వేస్తుంది, ఆ కేకకు వంద వస్తాయి. వాటి కొట్లాటలో పేగు పుండవుతోంది. ఈ ఇంజెక్షన్ వాటిని శాంతపరుస్తుంది. ఆలస్యం చేస్తే పేగు కోసెయ్యాల్సి రావచ్చు."

నా తిండి తిని నా పేగునే కాల్చే ద్రోహుల్ని శాంతపరచడమేమిటి? ఇంజెక్షన్ వద్దని వచ్చేశాను. నలభై రోజులు గదిలో ఒంటరిగా, ఉత్త నీళ్లతో చిల్లా దీక్ష పడితే తిండి లేక అవే చస్తాయి. ఈ ఉపాయం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంకెవరూ మెచ్చుకునేలా లేరు కాబట్టి.

హజ్రత్ పెరట్లో తేనెపెట్టెల దగ్గర కూర్చుని, పొగడబ్బాలో కొబ్బరి పీచు కుక్కుతున్నారు. అంతా చెప్పి చిల్లాకు అనుమతి అడిగాను.

"ద్రోహులంటావు," అన్నారు.

"కాక? వాటికి నేనేం తక్కువ చేశాను, హజ్రత్?"

"తేనె తీయాలి. పీచు అంటుకోనీ, మూత తీద్దువుగాని."

కోపంలో ఉన్నవాడికి పీచు అంటుకునేదాకా ఆగడం కుదరదు. పెట్టె మూత లాగేశాను. ఒక కాపలా ఈగ మణికట్టు మీద కుట్టింది. చటుక్కున చరిచి నలిపేశాను.

తేనెటీగను నలిపితే వచ్చే వాసనే మిగతావాటికి పిలుపు. మూడేళ్లుగా పెట్టెలు చూస్తున్న నాకు ఆ సంగతి తెలుసు. నా చేతికే తెలిసినట్టు లేదు. మరో ఏడెనిమిది వచ్చి సరిగ్గా అక్కడే కుట్టాయి.

"వీటి మీద కిరోసిన్ పోసెయ్యండి, హజ్రత్."

"పోస్తాను. రేపు కందిరీగలొస్తే పెట్టెను నువ్వు కాస్తావా, దస్తగిరీ?"



ఆయన లేచి నా మణికట్టు మీదికి పొగ ఊదారు. తర్వాత పెట్టె వాకిట్లోకి, నెమ్మదిగా, మూడుసార్లు. రొద తగ్గింది. ఈగలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. ఆయన నా చెయ్యి పట్టుకుని ముళ్లను గోటితో గీకి తీశారు.

"నా చేత్తో పంచదార నీళ్లు తాగిన ఈగలే ఇవి," అన్నాను. "నన్ను గుర్తే పట్టలేదు."

"గుర్తుపట్టే తీరిక ఎక్కడిచ్చావు?"

"ఇప్పుడు వాటినేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. పిలుపు అందకుండా చేశాను."

చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పొగ పలచబడ్డాక కాపలా ఈగలు మళ్లీ వాకిట్లోకి వచ్చాయి. పుప్పొడి మోసుకొచ్చిన ప్రతి ఈగనూ వాసన చూసి లోపలికి పంపుతున్నాయి. దారి తప్పి వచ్చిన చీమను మాత్రం తోసేశాయి.

"కర్నూలు బస్సు ఎన్నింటికి, హజ్రత్?"

ఆయన పెట్టెకు మూత పెడుతున్నారు. నా వైపు చూడలేదు.

"పదకొండుకి. తిని వెళ్లు."