ముక్కుల ఈరవ్వ

అనగనగా అని నేనంటే ఊఁ అని మీరనాలి. అయితే ఊఁ కొట్టేవాళ్ళు ఎంతమందో ముందే చూసి పెట్టుకోండి. ఈ కథ చెప్పేటప్పుడు ఒక్కోసారి ఒక ఊఁ ఎక్కువ వినిపిస్తుంది. వినిపిస్తే వెనక్కి తిరిగి చూడొద్దు. కథ వినడానికి వచ్చినవాళ్ళను ఎవరని అడగకూడదు.

అనగనగా, గడీల్లో దొరలున్న కాలం. వాగు ఒడ్డున ఒక కుమ్మరివాడ. అక్కడి దొర తీర్పులు మహా తేలిక. చిన్న తప్పుకు చెవి కోయించేవాడు. పెద్ద తప్పుకు ముక్కు కోయించేవాడు. ఆయనకు కోపమొస్తే తప్పు లేకున్నా ముక్కు పోయేది. ముక్కు పోయినవాణ్ణి పెళ్ళికి పిలవరు, చావుకు పిలవరు. కన్నపిల్లలే చూసి దడుచుకుంటారు. అలాంటివాళ్ళంతా ముఖానికి గుడ్డ చుట్టుకుని, వాగు దాటి వచ్చి, కుమ్మరి ఈరవ్వ గడపలో కూర్చునేవారు.

ఈరవ్వ కుండలు చేసుకు బతికే మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ముక్కు పెట్టడం ఎవరి దగ్గర నేర్చావవ్వా అని అడిగితే "గుమ్మడికాయ దగ్గర" అనేది. అబద్ధమేం కాదు. గుమ్మడికాయ మీద చెక్కు లేపి, మడిచి, కుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ కుట్టి చేయి తిప్పుకుంది. ఆ రోజుల్లో వాళ్ళింట పొద్దునా గుమ్మడికాయే, మాపటికీ గుమ్మడికాయే. ఇరుగమ్మకూ గుమ్మడికాయే, పొరుగమ్మకూ గుమ్మడికాయే.

ముక్కు కోసం వచ్చినవాళ్ళ గుడ్డ ఆమె వెంటనే విప్పేది కాదు. ముందు ఎదురుగా కూర్చుని మూడు మాటలు అడిగేది. "నీ పేరేంది బిడ్డా? నీ మొకం ఎవరు చూడాలె? నొస్తే నొస్తుందని చెప్తవా?" మూడింటికీ జవాబు వచ్చాకే గుడ్డ మీద చెయ్యి వేసేది. ఏం తప్పు చేశావని మాత్రం ఎవర్నీ అడగలేదు.

తర్వాత మోదుగాకు తెచ్చి ముక్కంత కత్తిరించేది. ఆకును నొసటి మీద పెట్టి చుట్టూ పసుపుతో గీసేది. కడుపు నిండా కల్లు తాగించి, గీత వెంబడి తోలు లేపి, కిందికి తిప్పి ముక్కున్న చోట కుట్టేది. గాలి ఆడేందుకు రెండు ఆముదపు చెట్టు గొట్టాలు పెట్టేది. నువ్వుల నూనెలో ముంచిన దూది అద్దేది. లేపిన తోలును పూర్తిగా తెంపేది కాదు. కనుబొమ్మల నడుమ సన్నని కాడ ఒకటి ఉంచేది. బొడ్డుపేగు బిడ్డను బతికించినట్టు ఆ కాడ కొత్త ముక్కును బతికించేది. ముక్కు కుదురుకున్నాకే కాడ తెంపేది. అన్నాళ్ళూ మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని గంజి పోసేది.

ఆ కాడ ఉన్నన్నాళ్ళు ఒక వింత. ముక్కు మీద ఈగ వాలితే మనిషి నొసలు కొట్టుకునేవాడు. తోలు చోటు మారినా, తానింకా నొసటి మీదే ఉన్నాననుకునేది. చూసినవాళ్ళు పకపకా నవ్వేవారు. ఈరవ్వ నవ్వేది కాదు.

ఒక్కసారి ఆమె చెయ్యి ఓడిపోయింది. ముఖమంతా కాలిన కొడుకు కోసం ఒక తల్లి తన చేతి తోలు ఇచ్చింది. కాడ ఉన్నంతకాలం ఆ తోలు ఎర్రగా, వెచ్చగా ఉంది. కాడ తెంపగానే నల్లబడింది. ఎండుటాకులా రాలిపోయింది. ఆ తల్లి కంటే ఎక్కువగా ఈరవ్వే ఏడ్చింది. ఎవరి తోలు వాళ్ళకే అంటుకుంటుందని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఎన్నడూ ఒకరి తోలు ఇంకొకరికి పెట్టలేదు.

ఇలా ఉండగా ఒకనాడు మిట్టమధ్యాహ్నం. కాకి కూడా అరవని వేళ. వాడలో కుక్కలన్నీ మూలిగి ఇళ్ళలోకి దూరాయి. తిరుగుతున్న కుమ్మరి సారె ఉన్నట్టుండి ఆగింది. ఈరవ్వ తలెత్తి చూస్తే గడపలో ఒక ఆడమనిషి, కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుని ఉంది. అంత ఎండలోనూ చీర అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కన నీడ లేదు.

ఈరవ్వ చేతుల మట్టి తుడుచుకుంది. అలవాటు కొద్దీ అడిగింది. "నీ పేరేంది బిడ్డా?"

"చిలుకి." మాట వాగు అడుగు నుంచి వచ్చినట్టుంది.

"నీ మొకం ఎవరు చూడాలె?"

"మా అమ్మ."

"నొస్తే నొస్తుందని చెప్తవా?"

"నొచ్చుడు ఎప్పుడో అయిపోయిందవ్వా."

ఈరవ్వ కొంగు తొలగించింది. కింద ముఖం లేదు. కన్ను లేదు, ముక్కు లేదు, నోరు లేదు. తడి చేత్తో నున్నగా రుద్దిన కుండ కడుపులా ఉంది. ఈరవ్వకు లేచి పరుగెత్తాలనిపించింది. కానీ ఆ పిల్ల పేరు చెప్పింది. పేరు చెప్పినవాళ్ళను పొమ్మనడం ఈరవ్వకు చేతకాదు.

"లేగదూడ కోసమని వాగులకు దిగిన" అంది చిలుకి. "వాగు తీసుకపోయింది. చేపలు నా మొకం తిన్నయి. ఒడ్డున పడి ఉంటే మా ఊరోళ్ళు వచ్చి, మా పిల్ల కాదన్నరు. పక్కూరోళ్ళు వచ్చి, మా పిల్ల కాదన్నరు. ఆఖరికి మా అమ్మ వచ్చింది. ఒంగి చూసింది. నా బిడ్డ కాదు అన్నది. పేరు లేకుండ గుంతల పెట్టిండ్రు. కన్నతల్లే కాదన్నంక నేనేడికి పోవాలె అవ్వా?"

"నేను పోయి మీ అమ్మకు చెప్తనే."

"నేను వాగుల పోయిన్నని అందరు చెప్పిండ్రు. నమ్మలే. రోజూ నాకు కంచంల అన్నం పెట్టి వాకిట్ల కూసుంటది. నేనొచ్చినంకనే తింటనని తాను ముద్ద ముడుతలేదు. ఎక్కువ రోజులు బతకదు. ఒక్కసారి నా మొకం చూపిస్తే నమ్ముతది."

ఈరవ్వ చాలాసేపు ఆలోచించింది. ఈ పిల్లకు తనదంటూ తోలు లేదు. ఇంకొకరి తోలు అంటదు. కానీ కాడ తెంపనంతసేపు బతికే ఉంటుంది కదా!

లేచి మోదుగాకు కత్తిరించింది. కుండలో నీళ్ళు చూసుకుంటూ ఆ ఆకును తన నొసటి మీదే పెట్టుకుంది.

"వద్దవ్వా, నా సల్లదనం నీకెక్కుతది" అంది చిలుకి.

"పొద్దు గూకేలోపల తెంపుకుంట. నువ్వు కదలకు."

కల్లు తాగలేదు, తాగితే చెయ్యి వణుకుతుందని. పళ్ళు బిగించి తన తోలు లేపుకుంది. చెంపకు చెంప ఆనించి, ఆ తోలును చిలుకికి ముక్కుగా కుట్టింది. ముక్కు నిలబడగానే దాని చుట్టూ ముఖం తనంతట తానే వచ్చింది. కళ్ళు వచ్చాయి. పెదాలు వచ్చాయి. ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ వచ్చింది. అది ఈరవ్వ పెట్టింది కాదు.

ఇద్దరూ ఒకే కాడతో చిలుకి ఊరికి బయల్దేరారు. దారిలో గొర్లు కాసే ఐలయ్య ఎదురయ్యాడు. అతనికి ఈరవ్వ ఒక్కతే కనిపించింది. తల పక్కకు వాల్చి, ఎవరి భుజానికో ఆనుకున్నట్టు వస్తోంది. నొసటి నుంచి నెత్తురు కారుతోంది.

"ఏందవ్వా ఈ నెత్తురు? ఒక్కదానివే ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"ఒక్కదాన్ని కాదు ఐలిగా. తొవ్వ ఇడువు."

ఐలయ్య నవ్వబోయాడు. అతని గొర్రెలు మాత్రం ఇద్దరు మనుషులు పట్టేంత దారి ఇచ్చి పక్కకు ఒదిగాయి. అతనూ గొర్రెల వెనకే పక్కకు తప్పుకున్నాడు.

చిలుకి తల్లి బుచ్చవ్వ కంచం ముందు పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. ఎముకల గూడు. తలెత్తింది. చూసింది.

"చిలుకీ! ఏడికి పోయినవే?"

"ఏడికీ పోలేదమ్మా. వాగు ఒడ్డున పండుకున్న. నువ్వొచ్చినవ్. నన్ను కాదన్నవ్."

బుచ్చవ్వ గుండెలు బాదుకుంది. తర్వాత అరచేత్తో బిడ్డ ముఖం నిమిరింది.

ఆ చెయ్యి ఈరవ్వ నొసటికి తెలిసింది. బుచ్చవ్వ నిమురుతున్నది చిలుకి ముక్కును. వెచ్చని అరచెయ్యి తగులుతున్నది ఈరవ్వ నొసటికి. ఊహ తెలిసినప్పటి నుంచి ఈరవ్వను అలా నిమిరినవాళ్ళు లేరు. ఆమెకు కన్నీళ్ళు ఆగలేదు. పొద్దు వాలుతోంది. కాడలోంచి చల్లదనం పాకుతోంది. నొసలు మొద్దుబారింది. ఒక కన్ను మసకబారింది. కత్తి చేతిలోనే ఉంది. తెంపాలి. కానీ ఆ తల్లి ఇంకా నిమురుతూనే ఉంది. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకుంది ఈరవ్వ. చేతిలోంచి కత్తి జారిపోయింది.

"బిడ్డా, ఒళ్ళంత వాగు నీళ్ళోలె సల్లగున్నది. ఈ ముక్కొక్కటే ఇంత వెచ్చగున్నదేందే?" అంది బుచ్చవ్వ.

"అది నాది కాదమ్మా. ఈ అవ్వది. నేను ఉన్నంతసేపు ఆమె పానం పోతుంటది."

బుచ్చవ్వ అప్పుడు ఈరవ్వను చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. చిలుకిని చూసింది. వదిలితే ఇంక ఎప్పటికీ దొరకదు. వదలకపోతే ఈ పరాయి మనిషి చచ్చిపోతుంది. తల్లి మనసు ఏమనుకుందో మీరే ఊహించుకోండి. నాకు చెప్పడానికి నోరు రాదు.

కింద పడ్డ కత్తి తీసుకుంది. బిడ్డ నొసటి మీద అరచెయ్యి పెట్టింది.

"నా బిడ్డవే" అంది. "నా బిడ్డవే" అంది. "నా బిడ్డవే" అని, కాడ తెంపింది.

వాకిట్లో ఇద్దరే మిగిలారు. గడప ముందు వాగు వాసన వేసే నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. బుచ్చవ్వ తన కొంగు చింపి ఈరవ్వ నొసలు కట్టింది. తెల్లారి గుంత దగ్గరికి పోయి, బిడ్డను పేరు పెట్టి పిలిచి, జరగాల్సినవన్నీ జరిపించింది. ఆ రోజే ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఈరవ్వ ఆ తర్వాత కూడా చాలాకాలం ముక్కులు పెట్టింది. ఒక్కోసారి పనిలో ఉండగా ఉన్నట్టుండి ఆగిపోయి కళ్ళు మూసుకునేది. ఎవరో నొసలు నిమిరినట్టుంటుందని చెప్పేది.

ఆమె చచ్చిపోయిన రోజున, ముందూ వెనకా ఎవరూ లేని ముసలిది, ఎవరెత్తుతారని వాడంతా గుసగుసలాడింది. అంతలో బుచ్చవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. శవం నొసటి మీద చెయ్యి పెట్టి "నా బిడ్డే" అంది. ముసలిది ముసలిదాన్ని బిడ్డంటోందేమిటని ఎవరూ నవ్వలేదు. ఈరవ్వ పెట్టిన ముక్కులతో ఊపిరి పీల్చేవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి, నొసటి మీద చెయ్యి పెట్టి, మా అవ్వే అన్నారు.

ఇప్పుడు గడీ కూలిపోయింది. వాగు మాత్రం ఏటా పొంగుతూనే ఉంది, ఎవరెవరినో తెచ్చి ఒడ్డున పడేస్తూనే ఉంది. ముఖం ఆనవాలు పట్టలేని శవం వస్తే ఆ ఊళ్ళలో పెద్ద ముసలమ్మ ఎవరో ఒకరు ముందుకు నడుస్తుంది. వాసనకు ముక్కు మూసుకోదు. నొసటి మీద అరచెయ్యి పెట్టి, "నా బిడ్డే" అని మూడుసార్లు అంటుంది. అప్పుడే మగవాళ్ళు పారలు పట్టుకుంటారు. పోలీసులు వచ్చి, ఈ మనిషి నీకేమవుతాడమ్మా అని అడిగితే, "ఇప్పుడే చెప్తి కద సారూ" అంటుంది. వాళ్ళేం రాసుకుంటారో వాళ్ళ ఇష్టం. మాది కాదు అన్న మాట మాత్రం ఆ వాగు ఒడ్డున ఎవరి నోటా రాదు.