అటక చీకటి, బుల్లెమ్మ పళ్ళు

మా వీధి చివర ఆలోచనోళ్ళ ఇల్లుంది. అసలు ఇంటిపేరు వేరే ఉంది లెండి, ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఏ పనైనా ఆలోచించే చేస్తామని వాళ్ళే ఊరంతా చెప్పుకు తిరిగేవాళ్ళు, ఆ పేరే నిలిచిపోయింది. "మా ఇంట్లో చంటాడు కూడా ఆలోచించుకునే ఏడుస్తాడు అత్తయ్యా" అనేవాడు నాతో పెద్దకొడుకు పల్లాలు. నిజమే కాబోలు, వాడు ఏడ్చే ముందు కాసేపు గోడకేసి చూసేవాడు.

పల్లాలు తల్లి బుల్లెమ్మకి పళ్ళన్నీ ఊడిపోతే పట్నం తీసుకెళ్ళి కట్టుడు పళ్ళు పెట్టించారు. పళ్ళ డాక్టరు మంచివాడు. "పడుకునేటప్పుడు తీసి, పిల్లాడికి అందకుండా పెట్టుకోండమ్మా" అని చెప్పి పంపాడు.

అంతే. ఇంటికొచ్చి ఆలోచన మొదలెట్టారు.

"గూట్లో పెడదామా?" అంది పల్లాలు పెళ్ళాం మంగతాయి.

"పిల్లాడు రేపు నిలబడతాడే. అందదూ?" అన్నాడు పల్లాలు.

"అలమర మీద పెడితే?"

"ఎల్లుండి కుర్చీ ఎక్కుతాడు. ఆ తర్వాత మీసాలొస్తాయి, నాకంటే పొడుగవుతాడు. డాక్టరు ఎన్నేళ్ళ పిల్లాడికి అందకూడదో చెప్పలేదు. అంటే ఎప్పటికీ అందకూడదనేగా!"

ఇంకేముంది, పల్లాలు పళ్ళని బట్టలో చుట్టి, అటక మీదికి, బలంకొద్దీ విసిరేశాడు. అవి చీకట్లోకి పోయి ఎక్కడో టక్కుమన్నాయి. ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయారు.

పొద్దున్నే బుల్లెమ్మ నోరు తెరిచి కూర్చుంది. ఆ అటక సంగతి తెలుసుగా, పట్టపగలు కూడా లోపల కన్ను పొడుచుకున్నా కానరాదు. నిండా కొబ్బరి పీచు, దీపం తీసుకెళితే ఇల్లే అంటుకుంటుంది. ఇంతలో మనవడి అన్నప్రాసన దగ్గరికొచ్చేసింది. ఆ వేడుకకి వియ్యపురాలు సత్తెమ్మ వస్తోంది. సత్తెమ్మ ఈ వయసులో చెరుకుగడ పళ్ళతో ఒలుచుకుని తింటుంది, తిన్నట్టు అందరికీ చెబుతుంది కూడా. ఆవిడ ఎదురుగా కూర్చుని కరకరలాడే చేగోడీ ఒక్కటైనా నమలాలని బుల్లెమ్మ కోరిక. పాపం, దానికోసమే పట్నం దాకా వెళ్ళి పళ్ళు కట్టించుకుంది.

"వదినా, జావ తాగీ తాగీ చచ్చిపోతున్నానే" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఫోనులో లైటుంటుంది కదరా" అన్నాను పల్లాలుతో.

"ఫోను చెవి దగ్గర పెట్టుకునేది అత్తయ్యా, కళ్ళ దగ్గర పెట్టుకునేది కాదు" అన్నాడు, నాకు తెలియదనుకుని జాలిగా.

సరే, టార్చిలైటు కొనాలని తీర్మానించారు. పల్లాలు, తమ్ముడు ఏడుకొండలు కలిసి శెట్టిగారి కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్ళారు. తర్వాత జరిగిందంతా శెట్టిగారే నాకు చెప్పి, చెప్పాక మంచినీళ్ళడిగారు.

శెట్టిగారు ముందు పొడుగాటి టార్చి చూపించారు. "ఇది వేస్తే వీధి చివరిదాకా వెలుగు."

"మా అటక అంత పొడుగు లేదండీ" అన్నాడు ఏడుకొండలు. "మిగతా వెలుగు పక్కింటోళ్ళు వాడుకుంటారు. డబ్బులు మావి, వెలుగు వాళ్ళదీనా?"

"అయితే చిన్నది తీసుకోండి. ఛార్జింగు పెట్టుకునేది. రోజూ వాడకానికి జేబులో పట్టేదే సుఖం."

అన్నదమ్ములిద్దరూ బనీనుల్లో ఉన్నారు, జేబుల్లేవు. అంతే, శెట్టిగారి చొక్కా జేబులో ఒక్కో టార్చీ పెట్టి చూశారు. బొటనవేలంత లావున్న నల్లది చక్కగా పట్టింది. "మీకు బాగా సరిపోయిందండీ" అని దణ్ణం పెట్టి ఇంటికి బయల్దేరారు. శెట్టిగారు వెనక్కి పిలిచి, టార్చి చేతిలో పెట్టారు.

పల్లాలు మీట నొక్కాడు. "వెలుగేదీ?"

"పట్టపగలు ఏం తెలుస్తుందయ్యా? చీకట్లో వేసి చూసుకోవాలి. వెనక గోడౌనుంది, రండి."

"మీ గోడౌను చీకటి మాకెందుకండీ? మా అటక చీకటి మా తాతల నాటిది. దాని ముందు ఇది నిలుస్తుందో లేదో చూడొద్దూ?"

ఇంకేముంది, ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె అటక మీద మూత తెరిచి పెట్టారు. చీకటి నిండేదాకా ఆగి, మూతేసి, తాళం వేసి, ఇద్దరూ మోసుకుంటూ కొట్టుకి వచ్చారు. బరువుగా ఉందని దారిలో రెండుచోట్ల దింపారట. శెట్టిగారికి ఏం అర్థమవుతుంది? సామానేదో అనుకుని మూత తెరిచారు.

"అయ్యయ్యో! మొత్తం పోయింది!" అని ఏడుకొండలు నెత్తి కొట్టుకున్నాడు.

మళ్ళీ వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చారు. ఈసారి శెట్టిగారిని దూరంగా కూర్చోబెట్టి, పైన దుప్పటి కప్పి, ఏడుకొండలు టార్చితో సహా తల పెట్టెలో దూర్చాడు.

"వెలుగుందిరా?" అన్నాడు పల్లాలు.

"వెలుగుంది అన్నయ్యా. చీకటే లేదు!"

"సరిగ్గా చూడు. మూలల్లో?"

"మూలల్లో కూడా లేదు. చుక్క మిగల్చకుండా తినేసింది!"

"అయితే ఇదే మంచిది" అని కొనేశారు. శెట్టిగారు ఊపిరి పీల్చుకుని జాగ్రత్తలు చెప్పారు. "పచ్చలైటు వచ్చేదాకా ఛార్జింగు పెట్టండి. దీని వెలుగు ఎవరి కళ్ళలోనూ పడనివ్వకండి, మంచిది కాదు. ఎక్కడ అవసరమో అక్కడే పెట్టుకోండి, మళ్ళీ దాన్ని వెతుక్కోనక్కర్లేదు."

ఆ మాటే అనకుండా ఉండాల్సింది ఆయన.

పచ్చలైటు వచ్చింది. ఏడుకొండలు టార్చిని నిలువుగా, రెండు చేతులా పట్టుకుని నడిచాడు. "వంచకురా, నిండుగా ఉంది, ఒలికిపోతుంది" అని పల్లాలు పక్కనే నడిచాడు.

అన్నప్రాసన మర్నాడనగా, సందడి లేదేమిటా అని నేను వాళ్ళింటికెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ఇంటిల్లిపాదీ కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని ఉన్నారు. బుల్లెమ్మకి, మంగతాయికి, ఆఖరికి దొడ్లో పెయ్యకి కూడా కట్టారు. నిచ్చెన మీద కళ్ళకి గంతలతో ఏడుకొండలు, చేతిలో టార్చి ధగధగా వెలుగుతోంది.

"దొరికాయి! పళ్ళున్నాయి, చేతికి తగులుతున్నాయి!" అని అరిచి ఏదో కిందికి అందించాడు. బుల్లెమ్మ తడుముకుని ఆత్రంగా నోటి దగ్గర పెట్టుకుంది.

"పట్టట్లేదురా! చలికి నా నోరు ముడుచుకుపోయినట్టుంది" అంది.

అది కొబ్బరి తురిమే కోరాము, దానికీ పళ్ళుంటాయి. నేను పరుగెత్తి లాక్కోకపోతే పెదవి తెగేది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గంతలు విప్పండర్రా! టార్చిని అటకవైపు పట్టుకుంటే మీ కళ్ళలో ఎందుకు పడుతుంది?"

వాళ్ళు కాసేపు ఆలోచించారు. "అత్తయ్య కూడా మనింటికి వచ్చీ వచ్చీ బాగుపడింది" అన్నాడు పల్లాలు. గంతలు విప్పారు, పళ్ళు క్షణంలో దొరికాయి. బుల్లెమ్మ కడుక్కుని పెట్టుకుని నవ్వింది. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

మర్నాడు పీటల మీద అంతా కూర్చున్నారు. సత్తెమ్మ ముందు వరసలో ఉంది. చేగోడీలు పళ్ళెం నిండా ఉన్నాయి. అన్నం ముట్టించాక పంతులుగారు, "పిల్లాడి ముందు పుస్తకం, బంగారం, ఇంట్లో విలువైనవన్నీ పెట్టండి. బాగా కనపడేలా పెట్టండి. వాడు ఏది పట్టుకుంటే వాడికి అదే ప్రాప్తం" అన్నారు.

"ఇంట్లో అన్నిటికంటే విలువైనది ఏది?" అన్నాడు పల్లాలు. అందరూ బుల్లెమ్మ నోటివైపు చూశారు.

"వద్దురా!" అంది బుల్లెమ్మ. "పంతులుగారు చెప్పారమ్మా, శాస్త్రం" అన్నాడు పల్లాలు. శాస్త్రమనేసరికి ఆవిడ పళ్ళు తీసి ఇచ్చింది. బాగా కనపడాలి కదా, ఏడుకొండలు టార్చి తెచ్చి వాటి మీదే వెలుగు వేశాడు. అవి తళతళా మెరిశాయి. పిల్లాడు పుస్తకం వంక చూడలేదు, బంగారం వంక చూడలేదు. పాక్కుంటూ వెళ్ళి పళ్ళు గుప్పిట పట్టుకున్నాడు.

"ప్రాప్తం!" అన్నాడు పల్లాలు.

"నా పళ్ళురా!" అంది బుల్లెమ్మ.

"ఇక నీవి కావమ్మా, వాడివి."

అంతే, చేగోడీల పళ్ళెం పిల్లాడి ముందుకి జరిపారు. పళ్ళు లేని బుల్లెమ్మకి వెండి గిన్నెలో మిగిలిన పరమాన్నం చెంచాతో పెట్టారు. సత్తెమ్మ చేగోడీ తీసుకుని, మెల్లిగా, అందరికీ వినపడేలా కరకరలాడించింది. బుల్లెమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాడి నోటికి ఈ పళ్ళు పెద్దవి కదండీ?" అంది మంగతాయి.

"ఎదుగుతాడుగా. అప్పటిదాకా జాగ్రత్త చేద్దాం" అన్నాడు పల్లాలు. పళ్ళని బట్టలో చుట్టి, ఈసారి బుల్లెమ్మకి అందకుండా ఉండాలని, అటక మీద ఇంకా లోపలికి విసిరేశాడు.

"మళ్ళీ వెతకాలంటే ఎలారా?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఆలోచించాం అత్తయ్యా" అన్నాడు ఏడుకొండలు. అవసరమైన చోటే ఉండాలని, టార్చి కూడా వాటి వెనకే విసిరేశాడు.